పాత బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు, సంతకాలు: అసలువి గుర్తుపట్టి కొనడం ఎలా

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు రెండు. "మా వీధిలో గరాజ్ సేల్‌లో బేస్‌బాల్ కార్డుల డబ్బా తెచ్చుకున్నాం, వీటికి విలువ ఉంటుందా?" అన్నది ఒకటి. "పాతతరం దిగ్గజం బేబ్ రూత్ సంతకం చేసిన బంతి ఆన్‌లైన్‌లో మూడొందల డాలర్లకే ఉంది, సర్టిఫికెట్ కూడా ఇస్తామంటున్నారు, కొనమంటారా?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు డబ్బాలో ఉన్నదాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి మాత్రం ఒకటే జవాబు: కొనొద్దు. ఎందుకు కొనొద్దో, మరేది కొనొచ్చో, కొనేముందు ఏమేం చూడాలో వరసగా రాస్తున్నాను.

ఈ పద్ధతి అంతటికీ తేదీలే పునాది. ఆ ఆటగాడు ఎప్పుడు పోయాడు, ఏ ఏళ్లలో ఏ జట్టుకు ఆడాడు, కార్డు ఏ ఏడాది ఏ కొలతలో అచ్చయింది, సంతకం చేసిన పెన్ను బజారులోకి ఎప్పుడొచ్చింది. సంతకం ఎంత అందంగా ఉన్నా, అమ్మేవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా, ముందు ఈ లెక్కలు కుదరాలి. కుదరకపోతే అక్కడే ఆగిపోండి.

కావలసినవి

- పది రెట్లు పెద్దగా చూపించే లూప్. నగల షాపులో రాళ్లు చూసే భూతద్దమే.
- మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు.
- అల్ట్రావయొలెట్ టార్చి. కరెన్సీ నోట్లు పరీక్షించే చవకరకం చాలు.
- పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులు, వాటిపైన వేయడానికి గట్టి టాప్‌లోడర్లు.
- మీరు సేకరించాలనుకున్న సెట్‌లోంచే (సెట్ అంటే ఒక కంపెనీ ఒక విడతగా తెచ్చిన కార్డుల వరస), అంతగా పేరులేని ఆటగాడి అసలు కార్డు ఒకటి. పేరున్న డీలరు దగ్గర, మూలలు అరిగిపోయినదైనా సరే, కొని పక్కన పెట్టుకోండి. ఇకమీద చూసే ప్రతి కార్డునూ దీంతో పోల్చి చూడాలి. ఈ జాబితాలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.
- సంతకాల కోసం: 3×5 అంగుళాల గీతల్లేని ఇండెక్స్ కార్డులు, కవర్లు, తపాలా స్టాంపులు, ఒక నీలం బాల్‌పెన్, ఒక నీలం షార్పీ (చెరగని మార్కర్ పెన్ను).

చేతి తొడుగులు అక్కర్లేదు. వాటితో కార్డు పట్టు దొరక్క మూల వంగే ప్రమాదమే ఎక్కువ. చేతులు కడిగి, పూర్తిగా ఆరాక, కార్డును అంచులతో పట్టుకుంటే సరిపోతుంది.

1. ముందు కార్డు ఏ ఏడాదిదో తేల్చండి

కార్డు వెనక్కి తిప్పండి. ఆటగాడి గణాంకాలు ఏడాదివారీగా ఉంటే, ఆఖరి వరసలో ఉన్న ఏడాదికి ఒకటి కలపండి. ఆఖరి వరస 1988 అయితే అది 1989 కార్డు. గరాజ్ సేల్ డబ్బాల్లో చాలావరకు 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చినవే ఉంటాయి. ఆ రోజుల్లో కంపెనీలు లెక్కకు మించి అచ్చువేశాయి, జనం కూడా ధర పెరుగుతుందని పెట్టెల్లో దాచుకున్నారు. అందుకే ఇప్పటికీ అవి కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటిని పిల్లలకు ఇచ్చేయండి. ఆట నేర్చుకోవడానికి, లెక్కలు చదవడానికి అంతకంటే మంచి బొమ్మలు లేవు.

1970కి ముందువి కనబడితే మాత్రం వేరుగా పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువైతే వాటికి అక్షరం, అంకె కలిపిన కోడ్‌లు ఉంటాయి. ఎన్ అంటే 19వ శతాబ్దపు పొగాకు కార్డులు, టీ అంటే 20వ శతాబ్దపు పొగాకు కార్డులు, ఈ అంటే తొలినాటి మిఠాయి కార్డులు, ఆర్ అంటే 1930ల నాటి బబుల్‌గమ్ కార్డులు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకరణకర్త పెట్టిన ఈ కోడ్‌లనే ఇవాళ్టికీ అందరూ వాడుతున్నారు. ఆయన సేకరించిన కార్డులు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా 1887 నుంచి 1914 దాకా వచ్చిన సుమారు 2,100 కార్డులను పెద్ద బొమ్మలుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. డబ్బు ఖర్చుపెట్టే ముందు కొన్ని సాయంత్రాలు ఆ బొమ్మలు చూస్తూ గడపండి. అసలు కార్డు ఎలా ఉంటుందో కళ్లకు అలవాటు కావాలి.

2. మీ పరిధి గీసుకోండి

అన్నీ కావాలనుకుంటే ఏదీ పూర్తికాదు. ఒక జట్టు, ఒక సెట్, లేదా ఒక ఆటగాడు, ఏదో ఒకటి ఎంచుకోండి. కొత్తవాళ్లకు నేను చెప్పేది 1950లు, 60ల టాప్స్ కంపెనీ కార్డుల్లో మీకు దగ్గర్లోని జట్టును పట్టుకోమని. పేరున్న తారలను వదిలేస్తే అరిగిన కార్డులు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. బొమ్మలూ బాగుంటాయి.

యుద్ధానికి ముందు కాలం మీద మనసుంటే రెండు సెట్లు చూడండి. అమెరికన్ టొబాకో కంపెనీ 1909–1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన టీ206 ఒకటి. బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 1933లో తెచ్చిన సెట్ ఇంకొకటి. టీ206లో హోనస్ వాగ్నర్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడాది 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఈ వార్తలు చూసి బెదిరిపోవద్దు, ఆశపడొద్దు. అదే టీ206లో అంతగా తెలియని ఆటగాడి కార్డు, మూలలు గుండ్రంగా అరిగినది, కొన్ని పదుల డాలర్లకు దొరుకుతుంది. వందేళ్లు దాటిన వస్తువు నిజంగా మీ చేతిలో ఉంటుంది.

చాలామంది పొరపడేది ఇక్కడ: 1952 టాప్స్ కార్డును మాంటిల్ మొదటి కార్డు అనుకుంటారు. అతని తొలి కార్డు 1951లో బోమన్ అనే కంపెనీ తెచ్చినది, 253వ నంబరు. టాప్స్ కార్డుకు ఆ గిరాకీ రావడానికి కారణాలు వేరు. ఆ సెట్‌లో 311 నుంచి 407 దాకా ఉన్న నంబర్లు సీజన్ చివర్లో వచ్చి అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకును 1960లో పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ సెట్ రూపకర్త సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. మాంటిల్ నంబరు సరిగ్గా 311.

3. స్కేలు తీయండి

కార్డు చేతిలోకి రాగానే చేయాల్సిన మొదటి పని కొలవడం. ఈ కొలతలు రాసి పెట్టుకోండి (వెడల్పు × పొడవు, సుమారుగా):

- టీ206: 36.5 × 67 మిల్లీమీటర్లు
- 1933 గౌడీ: 60 × 73
- 1951 బోమన్: 52 × 79
- 1952 నుంచి 1956 దాకా టాప్స్: 67 × 95
- 1957 నుంచి టాప్స్: 63.5 × 89

ఈ ఒక్క పనితోనే చాలా నకిలీలు బయటపడతాయి. టాప్స్ కంపెనీ 1983లో తన 1952 సెట్‌నే మళ్లీ అచ్చువేసింది, కానీ మామూలు 63.5 × 89 కొలతలో. "తాతగారి 1952 మాంటిల్" అని ఎవరైనా చూపిస్తే ముందు పొడవు కొలవండి.

ఒక వైపు అర మిల్లీమీటరు తగ్గిందంటే కత్తిరించి ఉండొచ్చు. అరిగిన మూలలు కనబడకుండా అంచు కోయడం పాత మోసమే. మూలలు సూదుల్లా ఉండి, కార్డు మధ్యలో మాత్రం మడతలు, మాసిన గుర్తులు ఉన్నాయంటే అనుమానించండి. వయసు కార్డంతటా సమానంగా కనిపించాలి. టీ206ల విషయంలో మాత్రం కొంచెం ఉదారంగా ఉండండి. ఫ్యాక్టరీలోనే వాటి కోత కచ్చితంగా ఉండేది కాదు, కాస్త తేడా సహజం.

4. లూప్‌తో అచ్చును, టార్చితో కాగితాన్ని చూడండి

లూప్‌ను కంటికి ఆనించుకుని, కార్డును దాని దగ్గరకు తీసుకురండి. ముందు బొమ్మ మీద కాదు, ఆటగాడి పేరు అక్షరాల మీద పెట్టండి. అసలు కార్డులో అక్షరాలు, సన్నటి గీతలు నిండు సిరాతో ఉంటాయి, అంచులు తెగినట్టుగా స్పష్టంగా కనిపిస్తాయి. స్కాన్ చేసి అచ్చువేసిన నకిలీలో ఆ అక్షరమే రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. టీ206లో అయితే పేరు, ఊరు గోధుమరంగు సిరాతో ఉంటాయి. అదే గోధుమరంగు ఎరుపు, పసుపు, నీలం చుక్కల కలయికగా కనబడిందంటే కార్డు పక్కన పెట్టేయొచ్చు. తర్వాత మీ దగ్గరున్న అసలు కార్డు మీద అదే చోట లూప్ పెట్టి పోల్చుకోండి. నాలుగైదు కార్డులు ఇలా చూశాక తేడా ఇట్టే తెలిసిపోతుంది.

తర్వాత దీపం ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు యుద్ధం తర్వాతే వాడకంలోకి వచ్చాయి. 1909 కార్డు గానీ 1933 కార్డు గానీ టార్చి కింద నీలంగా వెలిగితే అది ఆ కాలపు కాగితం కాదు. వెలగనంత మాత్రాన అసలుదని కాదు. ఆ రసాయనం లేని కాగితం ఇప్పటికీ దొరుకుతుంది. ఈ పరీక్ష నకిలీని పట్టిస్తుందే తప్ప అసలుకు హామీ ఇవ్వదు.

ఇక కార్డును కంటికి సమాంతరంగా ఎత్తి, పక్కనుంచి వెలుతురు పడేలా వంచండి. ఎదురుగా చూస్తే కనబడని మడత, చెరిపేసిన పెన్సిల్ రాత, అంచున పూసిన రంగు అప్పుడు కనిపిస్తాయి. టీ నీళ్లతో పాతబడేసిన కార్డుల్లో మరక అంతటా ఒకే తీరుగా ఉంటుంది. నిజంగా పాతబడిన కార్డు అంచుల దగ్గర ఎక్కువగా, లోపల తక్కువగా మాసుతుంది.

హెచ్చరిక: తడిగుడ్డతో తుడవడం, రబ్బరుతో రుద్దడం, మడత పోవాలని ఇస్త్రీ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. మురికి కార్డుకు విలువ ఉంటుంది. శుభ్రం చేసిన కార్డును, కార్డుల్ని పరీక్షించి మార్కులిచ్చే గ్రేడింగ్ కంపెనీలు "మార్చినది" అని పక్కన పెట్టేస్తాయి.

ఇంకో మాట. 1952 టాప్స్ సహా చాలా సెట్లలో కార్డు ముందువైపు ఆటగాడి సంతకం అచ్చువేసే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నిజమైన ఆటోగ్రాఫ్ అనుకుని ఎక్కువ డబ్బు పెడుతుంటారు. లూప్‌తో చూస్తే అది మిగతా అచ్చులాగే కాగితంలో కలిసిపోయి ఉంటుంది. పెన్నుతో పెట్టిన సంతకమైతే సిరా కార్డు అచ్చు పైన పరుచుకుని ఉంటుంది, గీత ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా సాగుతుంది.

5. ఎక్కడ కొనాలి, ఎలా బేరమాడాలి

మొదట కార్డు షోలకు వెళ్లండి. పెద్ద ఊళ్ల చుట్టుపక్కల హోటల్ హాళ్లలో, కమ్యూనిటీ సెంటర్లలో వారాంతాల్లో జరుగుతుంటాయి. ఏటా వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ అన్నిటికంటే పెద్దది. అక్కడ ఒక్కరోజు తిరిగితే ఏడాది పాటు ఆన్‌లైన్‌లో చూసినదానికంటే ఎక్కువ నేర్చుకుంటారు. అన్నీ చేతిలోకి తీసుకుని చూడొచ్చు.

బల్ల దగ్గర మర్యాదలు తెలుసుకోండి. తొడుగులోంచి కార్డు తీసే ముందు అడగాలి. కొలుస్తానంటే, లూప్‌తో చూస్తానంటే మంచి డీలరు ఎప్పుడూ కాదనరు. కాదన్నారంటే పక్క బల్లకు వెళ్లండి. నగదు ఇస్తానంటే, నాలుగైదు కార్డులు కలిపి తీసుకుంటానంటే ధర తగ్గుతుంది. బేరం మనకు కొత్త కాదు, మొహమాటం వద్దు. కానీ సగం ధరకు అడిగి అవతలివాళ్లను చిన్నబుచ్చొద్దు.

ఆన్‌లైన్‌లో అయితే అడిగే ధరలు చూడొద్దు, అమ్ముడైన ధరలు చూడండి. అదే కార్డు, అదే స్థితిలో ఈమధ్య ఎంతకు పోయిందో చూసే ఫిల్టర్ ఉంటుంది. ఫొటో మసగ్గా ఉన్నా, వెనకవైపు చూపించకపోయినా, ఏ ఏడాదో రాయకుండా "పాత కార్డు" అని మాత్రమే రాసినా వదిలేయండి. విప్పని పాత ప్యాకెట్ల జోలికి కొత్తలో అసలు వెళ్లొద్దు. వాటిని విప్పి, మళ్లీ అతికించి అమ్మడం ఉన్నదే.

6. గ్రేడింగ్ ఎప్పుడు అవసరం

పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి కంపెనీలు కార్డు అసలుదో కాదో చూసి, 1 నుంచి 10 దాకా మార్కు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతాయి. దీన్నే స్లాబ్ అంటారు. మార్కు బదులు "అథెంటిక్" అనో "ఆల్టర్డ్" అనో ఉంటే కార్డు అసలుదే గానీ కోతో, రంగో, మరేదో జరిగిందని అర్థం చేసుకోవాలి.

రుసుము, పోను రాను తపాలా, బీమా అన్నీ కలిపి లెక్కవేయండి. కార్డు విలువ ఆ ఖర్చుకు కనీసం కొన్ని రెట్లు ఉంటేనే గిట్టుబాటు. పది డాలర్ల కార్డుకు గ్రేడింగ్ దండగ. ఖరీదైన కార్డు కొనాల్సి వస్తే మాత్రం స్లాబ్ లేకుండా కొనొద్దు. స్లాబ్‌లకు కూడా నకిలీలు ఉన్నాయి కాబట్టి లేబుల్ మీది నంబరును ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోలో మూలల అరుగుదల, మరకలు మీ ముందున్న కార్డుతో సరిపోతున్నాయో లేదో చూడండి. నంబరు ఒక్కటే సరిపోతే చాలదు, అసలు నంబరునే కాపీ కొట్టి నకిలీ లేబుల్ మీద వేస్తారు.

7. సంతకం: ముందు కాలం లెక్క

సంతకాల దగ్గర మోసం కార్డులకంటే ఎక్కువ. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరుతో పెద్ద నకిలీ సంతకాల ముఠాను పట్టుకుంది. వాళ్ల సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. వాటికీ సర్టిఫికెట్లు ఉన్నాయి. కాబట్టి అమ్మేవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్‌ను ఉత్త కాగితంగానే చూడండి.

ముందు ఆటగాడు పోయిన తేదీ రాసుకోండి. క్రిస్టీ మాథ్యూసన్ 1925లో, లూ గెరిగ్ 1941 జూన్‌లో, బేబ్ రూత్ 1948 ఆగస్టులో, షూలెస్ జో జాక్సన్ 1951లో, హోనస్ వాగ్నర్ 1955లో, టై కాబ్ 1961లో, జాకీ రాబిన్సన్ 1972 అక్టోబరులో, రొబెర్టో క్లెమెంటే అదే ఏడాది డిసెంబరు 31న పోయారు.

తర్వాత పెన్ను. అమెరికాలో బాల్‌పెన్ను మొదట అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరు చివర్లో, న్యూయార్క్‌లో. షార్పీ వచ్చింది 1964లో. అంటే బాల్‌పెన్నుతో గెరిగ్ సంతకం ఉండే అవకాశమే లేదు. షార్పీతో రూత్ సంతకం గానీ కాబ్ సంతకం గానీ ఉండదు. రూత్ బాల్‌పెన్ను వాడగలిగింది ఆఖరి మూడేళ్లలోపే. లూప్‌తో చూస్తే బాల్‌పెన్ను గీత కాగితంలో సన్నటి గాడి చేస్తుంది, సిరా అక్కడక్కడా ముద్దలుగా ఆగుతుంది. సిరాపెన్ను గీత నొక్కినచోట వెడల్పుగా, తేలిన చోట సన్నగా సాగుతుంది.

ఇప్పుడు బంతి. పెద్ద బేస్‌బాల్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగ్‌లు. ఆ రోజుల అధికారిక బంతి మీద ఆ లీగ్ అధ్యక్షుడి పేరు ముద్ర ఉండేది. అమెరికన్ లీగ్ బంతి మీద విల్ హారిడ్జ్ పేరుంటే 1931–1959, జో క్రోనిన్ అయితే 1959–1973, లీ మాక్‌ఫెయిల్ అయితే 1974–1983. నేషనల్ లీగ్ బంతి మీద ఫోర్డ్ ఫ్రిక్ పేరుంటే 1934–1951, వారెన్ గైల్స్ అయితే 1951–1969, చబ్ ఫీనీ అయితే 1970–1986. గైల్స్ ముద్ర ఉన్న బంతి మీద రూత్ సంతకం ఉందంటే, రూత్ పోయి మూడేళ్లయ్యాక ఆ ముద్ర వచ్చిందని గుర్తు చేసుకోండి. రాలింగ్స్ కంపెనీ పెద్ద లీగ్‌ల అధికారిక బంతులు ఇవ్వడం మొదలుపెట్టింది 1977లో. అంతకు ముందు చాలా ఏళ్లు నేషనల్ లీగ్‌కు స్పాల్డింగ్, అమెరికన్ లీగ్‌కు రీచ్ పేరుతో వచ్చేవి. గుర్రపు తోలు పోయి ఆవు తోలు వచ్చింది 1974లో.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాతకాలం ఆటగాళ్లు పిల్లలు తెచ్చిన షాపు బంతుల మీద కూడా బోలెడు సంతకాలు చేశారు. కాబట్టి అధికారిక ముద్ర లేకపోవడం నేరం కాదు. తప్పు కాలపు ముద్ర ఉండటమే నేరం.

జట్టు మొత్తం సంతకాలు చేసిన బంతి అయితే జట్టు జాబితాతో సరిచూడండి. రూత్ న్యూయార్క్ యాంకీస్ జట్టుకు 1920లో వచ్చాడు, గెరిగ్ 1923లో. "1921 యాంకీస్ బంతి" మీద గెరిగ్ పేరుంటే ఇంకేమీ చూడక్కర్లేదు. అన్ని సంతకాలూ ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో ఉన్నా ఒకే చెయ్యి రాసిందని అర్థం. ఆ రోజుల్లో బంతుల మీద తారల పేర్లు క్లబ్‌హౌస్ కుర్రాళ్లు రాసేయడం మామూలు. అది ఆ కాలపు బంతే, ఆ కాలపు సిరాయే, కానీ సంతకం ఆ ఆటగాడిది కాదు. కాలం లెక్క సరిపోయాక కూడా చేతిరాత చూడాల్సింది ఇందుకే.

8. చేతిరాత

సంతకం చేసేవాళ్లు ఆలోచించరు, చెయ్యి దానంతట అదే పరుగెడుతుంది. గీత మొదలైన చోట, ముగిసిన చోట కొసలు సన్నగా తేలిపోతాయి. చూసి దించేవాళ్ల గీత నెమ్మదిగా నడుస్తుంది. మొదట్లో, చివర్లో గుండ్రటి సిరా చుక్క ఉంటుంది, మధ్యలో వణుకు, అనవసరంగా పెన్ను ఎత్తిన గుర్తులు ఉంటాయి. సంతకాన్ని తలకిందులుగా పెట్టి చూడండి. పేరు చదవడం మానేసి గీతల్ని చూడటం అప్పుడు సులువవుతుంది.

పోల్చడానికి ఒక నమూనా చాలదు. అదే ఆటగాడు అదే దశాబ్దంలో చేసిన సంతకాలు కనీసం ఓ పది చూడాలి. రూత్ మొదట్లో "బేబ్" అన్న మాటకు కొటేషన్ గుర్తులు పెట్టేవాడు, తర్వాత మానేశాడు. కాబ్‌కు ఆకుపచ్చ సిరా ఇష్టం. ఆ సంగతి దొంగలకూ తెలుసు కాబట్టి ఆకుపచ్చ చూసి మురిసిపోకండి. జో జాక్సన్‌కు చదవడం, రాయడం దాదాపు రాదు. ఆయన పేరుతో ఉన్నవాటిలో చాలా సంతకాలు భార్య పెట్టినవే. ఎవరైనా ఆయన నిజ సంతకం తక్కువ ధరకు ఇస్తామంటే నమ్మకండి.

పాతవాళ్ల సంతకం కావాలి, పెద్ద ఖర్చు వద్దు అనుకునేవాళ్లకు నేను చెప్పే మార్గం బ్యాంకు చెల్లించేసిన పాత చెక్కులు. కాబ్ లాంటివాళ్ల చెక్కులు కొన్ని బజారులో ఉన్నాయి. తేదీ, బ్యాంకు ముద్ర, ఎవరికి ఇచ్చారన్నది అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. ఎవరో అభిమాని కోసం కాక, నిజమైన అవసరానికి చేసిన సంతకం అది. కాబ్ చెక్కు కూడా చవకేమీ కాదు, కానీ బంతితో పోలిస్తే చాలా నయం. ఇంకా తక్కువలో కావాలంటే 1930లు, 40ల్లో ఆడిన మామూలు ఆటగాళ్ల ఇండెక్స్ కార్డు సంతకాలు చూడండి. వాటిని నకిలీ చేసినా పెద్దగా మిగిలేది ఉండదు, అందుకే మోసం తక్కువ.

ఖరీదైనది ఏదైనా, సంతకాలు పరీక్షించే పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ కంపెనీలలో ఒకరి పరిశీలన అయ్యాకే కొనండి. అమ్మేవాళ్లు నమ్మకంగా ఉంటే "పరిశీలనలో తేలకపోతే డబ్బు వాపసు" అని రాసివ్వడానికి ఒప్పుకుంటారు. ఆ మాట ఈమెయిల్‌లో తీసుకోండి.

9. ఇంకా మన మధ్య ఉన్న పాత ఆటగాళ్ల దగ్గర సంతకం తీసుకోవడం

ఇందులో ఉన్న తృప్తి కొనడంలో రాదు. విల్లీ మేస్ 2024లో వెళ్లిపోయాడు. 1950ల్లో ఆడినవాళ్లు కొద్దిమందే మిగిలారు. 60లు, 70ల్లో ఆడినవాళ్లు ఇంకా చాలామంది ఉత్తరాలకు జవాబిస్తారు. రాసే ముందు ఆ ఆటగాడు ఉన్నారో లేరో, ఆరోగ్యం ఎలా ఉందో వార్తల్లో చూడండి. ఆయన పోయాకో, జబ్బుతో ఉన్నప్పుడో వెళ్లే ఉత్తరం కుటుంబానికి బాధ కలిగిస్తుంది.

ఉత్తరం చేత్తో రాయండి, ఒక పేజీ దాటొద్దు. మీరెవరో ఒక వాక్యం, ఆయన ఆటలో మీకు నచ్చిన ఒక ఘట్టం రెండు వాక్యాలు, సంతకం అడుగుతూ ఒక వాక్యం, కృతజ్ఞత. "నేను మీ పెద్ద అభిమానిని" అన్న మాట ఆయన వేలసార్లు చదివి ఉంటారు. ఫలానా ఏడాది వరల్డ్ సిరీస్‌లో ఫలానా మ్యాచ్ గురించి మా అబ్బాయి లైబ్రరీలో చదివాడు అని రాస్తే ఆగి చదువుతారు. లోపల రెండు ఇండెక్స్ కార్డులు, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు తప్పకుండా పెట్టండి. రెండో కార్డు ఆయన దగ్గరే ఉంచుకోమనండి.

పేరు రాయించుకోవాలంటే ఒక్క పొట్టి పేరే పెద్ద అక్షరాల్లో విడిగా రాసివ్వండి. మన ఇంటిపేరు, పూర్తిపేరు కలిపి ఇస్తే ఎనభై ఏళ్ల చేతికి కష్టం. "అమ్మేటప్పుడు విలువ తగ్గుతుంది, పేరు వద్దు" అని కొందరంటారు. పిల్లల కోసం తీసుకునే సంతకం మీద పిల్లల పేరు ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

విలువైన పాత కార్డు తపాలాలో పంపొద్దు. తిరిగి రాకపోవచ్చు, వంగి రావచ్చు. ఇంటికి వెళ్లి తలుపు కొట్టడం అసలు వద్దు.

నేరుగా కలవాలంటే జులై చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో, బేస్‌బాల్ మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ వారాంతానికి వెళ్లండి. ఊరి మెయిన్ స్ట్రీట్ షాపుల్లో పాత తారలు రుసుము తీసుకుని సంతకాలు చేస్తారు. మ్యూజియం దుకాణంలో దొరికే, ఆ ఆటగాడి గౌరవ ఫలకం బొమ్మ ఉన్న పసుపురంగు పోస్ట్‌కార్డు ఆ సంతకానికి చక్కగా కుదురుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫ్లోరిడా, అరిజోనాల్లో జట్లు సీజన్‌కు ముందు సాధన చేసే స్ప్రింగ్ ట్రెయినింగ్‌కు కూడా రిటైరైనవాళ్లు వస్తుంటారు. జనం తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ.

బంతి మీద బాల్‌పెన్నే వాడమనండి. షార్పీ తోలులో ఊరి, ఏళ్లు గడిచేకొద్దీ అలుక్కుపోతుంది. ఫొటో మీద, పోస్ట్‌కార్డు మీద షార్పీ బాగుంటుంది.

10. దాచడం, లెక్క రాయడం

కార్డును ముందు పెన్నీ స్లీవ్‌లో, తర్వాత టాప్‌లోడర్‌లో పెట్టండి. స్లీవ్ లేకుండా నేరుగా టాప్‌లోడర్‌లోకి తోస్తే మూలలు పోతాయి. రబ్బరుబ్యాండు, జిగురు, లామినేషన్, మెత్తగా ఉండి వాసన వేసే ప్లాస్టిక్ పేజీలు వద్దు. గోడకు తగిలిస్తే ఎండ పడని గోడ చూడండి. సంతకం సిరాకు వెలుతురే మొదటి శత్రువు.

గాలిలో తేమ 40–50 శాతం మధ్య ఉంటే మంచిది. విశాఖలోనో కాకినాడలోనో అమ్మానాన్నల ఇంట్లో ఉంచాలనుకుంటే వానాకాలం తేమను లెక్కలోకి తీసుకోండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, బయటి గోడకు ఆనని బీరువాలో పెట్టించండి. పట్టుచీరల అలవాటు కొద్దీ కలరా ఉండలు మాత్రం వేయొద్దని గట్టిగా చెప్పండి. నాఫ్తలీన్ ఆవిరికి కొన్నిరకాల ప్లాస్టిక్ పెట్టెలు మెత్తబడతాయి, వాసన కాగితానికి పట్టేస్తుంది.

కొన్న ప్రతిదానికీ ముందు, వెనక ఫొటో, తేదీ, ధర, ఎవరి దగ్గర కొన్నారు, ఏ పరీక్షలు చేశారు అన్నవి షీట్‌లో రాయండి. రసీదు ఫొటో కూడా అక్కడే ఉంచండి. అమెరికాలో ఇలాంటి సేకరణ వస్తువులను ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. కొన్న ధరకు రుజువు లేకపోతే లాభం లెక్క మీకే నష్టం. మామూలు ఇంటి బీమాలో సేకరణలకు పరిమితి తక్కువగా ఉంటుంది, మొత్తం విలువ పెరిగితే విడిగా బీమా అడగండి. ఆ షీట్ కాపీ ఒకటి అచ్చుతీసి, ఏది దాచాలో, ఏది అమ్మొచ్చో, అమ్మాలంటే ఎవరిని అడగాలో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసి డబ్బాలోనే ఉంచండి.